నలభై ఒకటో కంప్యూటరు

"తీగ పీకింది నువ్వేనా, కాదా? అది చెప్పు ముందు."

"నేనేనండి."

"ఎవర్నడిగి పీకావ్? పదకొండింటికి నర్సులకి శిక్షణ. నలభై కంప్యూటర్లూ సగంలో చచ్చి కూర్చున్నాయి. గంటలో అయిపోతుందని మీ మేనల్లుడు డబ్బా కొట్టాడు, నువ్వొచ్చి ఇలా తగలేశావ్!"

చెక్క అడ్డుగోడకి ఇవతల, సర్వరు ముందు కూర్చున్న మేనల్లుడికి ప్రతి మాటా వినిపిస్తూనే ఉంది. అరుస్తున్నది ఆసుపత్రి సూపరింటెండెంటు. తిట్లు తింటున్నది మామయ్య, ఇరవై ఆరేళ్ళుగా ఆ భవనంలో తీగలు లాగుతున్న మనిషి. మేనల్లుడికి జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. చదువు మధ్యలో వదిలేసిన వాడికి ఈ పని ఇప్పించింది ఆయనే. ఇప్పుడు నలుగురిలో పరువు తీసిందీ ఆయనే.

మామయ్య చదివింది ఏడో తరగతి. కరెంటు మేస్త్రీ వెనక నిచ్చెన మోస్తూ ఇక్కడ అడుగుపెట్టాడు. టేపు వాడడు. చేతులు బార్లా చాపి "ఇక్కణ్ణుంచి మెట్లదాకా ఏడు బారలు" అంటాడు, బెత్తెడు తేడా రాదు. కంప్యూటర్లు వచ్చాక అవీ ఆయన నెత్తినే పడ్డాయి. డిస్కు చేతబట్టుకుని, పీట జరుపుకుంటూ, ఒక్కోదాని ముందూ కూర్చుని పాతది తుడిచి కొత్త సిస్టమ్ ఎక్కించేవాడు. నలభైకి మూడు రోజులు. తుడిచేముందు ప్రతిసారీ గది దద్దరిల్లేలా ఓ కేక: "ఇది ఎవరిదమ్మా? ఇందులో ఏమైనా దాచుకున్నారా?"

మేనల్లుడు ఆ మూడు రోజుల్ని గంటకి దించాడు. కంప్యూటరు ఆన్ అవగానే తీగ గుండా సర్వరుని పలకరిస్తుంది. సర్వరు దాన్ని తుడిచేసి కొత్త సిస్టమ్ పంపిస్తుంది. మనిషి చెయ్యి తగలక్కర్లేదు. "ఎవర్నీ ఏదీ అడగదు మామయ్యా, అదే దీని గొప్ప" అని పొద్దున కోతలు కూడా కోశాడు.

రెండు నిమిషాల కిందట మామయ్య వాడి భుజం మీంచి తెరలోకి తొంగి చూశాడు.

"ఎన్నిరా?"

"నలభై."

"నలభై ఒకటని ఉందేం?"

"ఏదో రెండుసార్లు లెక్కపడుంటుందిలే. వెళ్ళి టీ తాగు."

మామయ్య టీకి వెళ్ళలేదు. హాల్లోకి నడిచి, సర్వరు నుంచి కంప్యూటర్లన్నిటికీ పోయే పెద్ద తీగని మొదలంటా లాగేశాడు. సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు వచ్చాడు.

"తర్వాత తిట్టండి సార్" అంటున్నాడిప్పుడు అడ్డుగోడ అవతల. "ముందు రక్తపరీక్షల గదికి పోనివ్వండి."

నలభై ఒకటోది అక్కడుందని మేనల్లుడికి అప్పుడు వెలిగింది. మెట్లమీద మామయ్యని దాటేసి పరిగెత్తాడు.

పరీక్షల గదిలో అక్క, అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు, కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది. "మొరాయిస్తోందని ఒకసారి ఆపి వేశానయ్యా. ఈ నీలం తెరేంటి? పదిన్నరకి ఆపరేషన్‌కెళ్ళే తొమ్మిదిమంది రిపోర్టులు ఇందులోనే ఉన్నాయి. ఇంకా ప్రింటు తియ్యలేదు."

తెరమీద ఉన్నది వాడు స్వయంగా రాసుకున్న వాక్యమే: 'డిస్కు సిద్ధమవుతోంది.' తుడవడం మొదలవకముందూ అదే కనిపిస్తుంది, మొదలయ్యాకా అదే. వేరుగా రాయాలని తోచలేదు.

"పోయాయా?"

"తెలీదక్కా."

ఆ మాట వాడి నోట రావడం అరుదు. గోడ దగ్గర తీగ ఊడబీకాడు. కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాడు. నల్లటి తెర. లోపల డిస్కు కిరకిరమంటోంది, ఆగుతోంది, మళ్ళీ కిరకిర. గోడ గడియారంలో పది దాటింది.

"మళ్ళీ రక్తం తియ్యాలంటే మూడో మంచం ముసలాయనకి నరం దొరకట్లేదు" అంది అక్క, ఎవరికీ కాకుండా.

మామయ్య రొప్పుతూ వచ్చి గడప దగ్గరే ఆగిపోయాడు. తెర ఒకసారి మినుకుమంది. తర్వాత రిపోర్టుల వరుసలు పడ్డాయి. ఒకటి, రెండు... తొమ్మిది. అక్క ప్రింటు మీట నొక్కింది.

మేనల్లుడు మామయ్య వైపు తిరిగాడు. "ఈ గదికి తీగున్నట్టు నాకిచ్చిన మ్యాపులో లేదు. ఎవడు లాగాడు?"

"నేనేరా. అక్క రోజుకి ముప్పైసార్లు కాగితాలు పట్టుకుని మెట్లెక్కేది. ఆర్డరొచ్చేదాకా ఆగితే ఆవిడ మోకాళ్ళు మిగిలేవా?"

"ఇప్పుడు మాత్రం మిగిలాయా తమ్ముడూ" అంది అక్క.

జేబులో ఫోను మోగింది. సూపరింటెండెంటు. తీగ పెట్టించాను, మళ్ళీ మొదలెట్టు, టైము లేదన్నాడు. మేనల్లుడు మెట్లవైపు కదిలాడు. మామయ్య వాడి మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా. ఇదొక్కటే కాదు. అడిగినవాళ్ళకల్లా లాగాను. ఐదో ఆరో ఉంటాయి, వాటిలో ఏది ఆపి వేసినా ఇదే గతి. మూడు గుర్తున్నాయి, మిగతావి పైకప్పు పలకలు ఎత్తి చూస్తేగానీ చెప్పలేను. నిచ్చెనెక్కితే నాకు కళ్ళు తిరుగుతున్నాయి, ఇంట్లో కూడా చెప్పలేదు. సర్వరు మీట మళ్ళీ నొక్కకముందు నువ్వెక్కరా. నేను కింద నిలబడి చెప్తాను, ఏ తీగ ఎవరి గదికి పోతుందో నువ్వు రాసుకో."