నీడకొమ్మ

మా చిన్నప్పుడు సంతకి దిగే దారిలో ఒక మలుపు ఉండేది... ఆ మలుపు ఇంకా కనబడకముందే అవ్వ నా వీపు మీద తట్టేది.

"కొమ్మ ఇరిసావేట్రా గుంటడా?"

ఎండుకొమ్మ పనికిరాదు. ముళ్ళకొమ్మ అసలే వద్దు. ఆకు నిండుగా ఉన్న పచ్చికొమ్మే కావాలి. ఎవరి కొమ్మకి ఆకులెక్కువని నేనూ అక్కా దారిపొడుగునా కొట్టుకునేవాళ్ళం...

మలుపులో, లోయ వైపున, నా నడుమెత్తు కొమ్మల కుప్ప. అడుగువి మట్టిలో కలిసిపోయి, పైవి ఇంకా వాడకుండా... నెత్తి మీది చోళ్ళ గంప దించకుండానే అవ్వ మోకాళ్ళు వంచి తన కొమ్మ వేసేది.

"మీ అత్త ఎండలో ఉంది. నీడెయ్యండి. బేగి నడండి, ఎనక్కి సూడకండి."

అత్త అంటే మా నాన్న చెల్లెలు. అవ్వ కన్న కూతురు. రెండో కాన్పుకి నొప్పులొస్తే, కర్రకి దుప్పటి కట్టి డోలీలో మోసుకెళ్ళారు. ఆస్పత్రి కొండ కింద. మిట్టమధ్యాహ్నం ఆ మలుపు దగ్గర "కూసింత నీడకి దించండి" అందట... అక్కడ నీడ లేదు. నీడ దొరికేసరికి అత్తా లేదు, కడుపులో బిడ్డా లేదు.

అప్పటినుంచి మా ఊరివాళ్ళెవరు ఆ దారిన పోయినా ఒక పచ్చికొమ్మ వేస్తారు. దాని పేరు నీడకొమ్మ.

అత్త పోయేనాటికి సరిగా నడక కూడా రాని ఆమె మొదటి బిడ్డే మా బావ. పెద్దయ్యాక మా అక్కనే చేసుకున్నాడు.

ఇన్నేళ్ళయినా మా ఊరికి రోడ్డు రాలేదు... టూరిస్టులొచ్చారు. లోయలో ఒక రిసార్టువాళ్ళు మా దారికి 'చరిత్రలోకి, ప్రకృతిలోకి నడక' అని పేరు పెట్టి మనుషుల్ని నడిపిస్తున్నారు. గైడు మా బావే. నెత్తిన టోపీ, మెడలో కార్డు.

వలిసె చేలు పసుపుపచ్చగా పూసిన రోజుల్లో, ఒక ఉదయం నేనూ ఆ గుంపు వెనకే దిగుతున్నాను. నా చంకలో రోడ్డు కోసం మేం అచ్చేయించిన కరపత్రాలు. మలుపు దగ్గర బావ ఆగాడు.

"ఇది కోరిక కొమ్మ సార్. ఒక కొమ్మేసి ఏటనుకుంటే అది జరిగిపోద్ది."

"మా ఆయన గురక మానాలని వేస్తున్నా!" అందొకావిడ. అందరూ పగలబడి నవ్వారు. తలా ఒక పుల్ల ఏరి విసిరారు... ఎండుపుల్లలు.

నా రక్తం మరిగిపోయింది. "కోరిక కాదు, కాకరకాయ కాదు! రోడ్డు లేక ఇక్కడో మనిషి చచ్చిపోయింది. ఎవరో కాదు... ఈయన తల్లి!"

నవ్వులు ఆగిపోయాయి. గురక కోరిక కోరుకున్నావిడ కళ్ళు తుడుచుకుంది. గెలిచాననుకున్నాను. అందరికీ కరపత్రాలు పంచాను.

బావ నన్ను పక్కకి లాగాడు.

"మాయమ్మ సంగతి నాకు తెల్దేట్రా? కోరికలంటే ఆళ్ళు నవ్వుకుంటా ఎల్లిపోతారు. మాయమ్మ జోలికి రారు. ఇన్నాళ్ళూ అలాగే దాసుకున్నాన్రా..."

నిజం చెబితే జనం కదులుతారని నేను చదివిన ప్రతి కరపత్రంలోనూ ఉంది. కదిలారు... తర్వాతి వ్యూపాయింటుకి.

మాట రిసార్టు మేనేజరు దాకా పోయింది. ఇప్పుడు బావ ఆ మలుపు దగ్గర వాళ్ళమ్మ చావే చెప్పాలి. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో కూడా నేర్పారు. నేను పోయి రోడ్డు మాట ఎత్తితే మేనేజరు నవ్వాడు. "రోడ్డేస్తే ఇంక నడకేముంటుంది తమ్ముడూ?"

నేను అరిచింది తప్పని ఇప్పటికీ అనను. దాన్ని కూడా అమ్ముకోగలరని మాత్రం ఏ కరపత్రమూ నాకు చెప్పలేదు.

అక్కకి ఇప్పుడు నెలలు నిండాయి. నొప్పులొచ్చేదాకా ఆగితే మళ్ళీ డోలీయే గతి. అందుకే మొన్న నేనే తోడుండి, నడవగలిగినప్పుడే కిందికి తీసుకెళ్ళాను. మలుపు దగ్గర గుంపు. మధ్యలో బావ. కథ సగంలో ఉంది. కడుపు పట్టుకుని దిగుతున్న అక్కని చూసి, నేర్పని చోట ఆగిపోయాడు.

అదీ కథలో భాగమే అనుకున్నారు కాబోలు. ఒకాయన చప్పట్లు కొట్టాడు.

అక్క ఎవరినీ చూడలేదు. నా చెయ్యి పట్టుకుని వంగలేక వంగి, నేరేడు కొమ్మ వేసింది.

"అత్తా... నీకు నీడేసాను. నాకు దారియ్యి."

ఫోన్లు పైకి లేచాయి. అక్క వెనక్కి చూడకుండా నడిచింది. నేను చూశాను...

చిన్నప్పుడు ఆ కుప్ప నా నడుమెత్తు. ఇప్పుడూ నా నడుమెత్తే. నాతోపాటే పెరిగింది. కానీ అన్నీ ఎండుపుల్లలు... వాటి మధ్య అక్క వేసిన కొమ్మొక్కటే పచ్చగా ఉంది.

మీ ఊరి దారుల్లోనూ ఇలా ఎవరైనా ఆగిపోయి ఉంటే, వాళ్ళెవరో కింద రాయండి... ముందుగా, ఆ దారికి రోడ్డొచ్చిందో లేదో రాయండి.