వేట లేని నెలల ఎత్తు

"పడవలు ఆగిపోయే వేసవిలో వలదారం ఎవడు కొంటాడ్రా?" అంటూ, కళింగపట్నంలోని మా కొట్టును అద్దెకిచ్చేద్దామని అన్న పట్టుపట్టాడు. అమ్మకాల గ్రాఫ్ చూపించి ఆపాలని, నరసన్నపేటలో అన్న ఉండే విజయనగరానికి బస్సెక్కి ల్యాప్‌టాప్ తెరిచాను. పైథాన్‌లో ఎలా గీసినా గీత రంపం పళ్లలా దూకుతోంది. అన్ని నెలల ఒకటో తేదీలూ ఒకచోటే గుంపుగా చేరాయి.

పక్కసీటు అమ్మాయి నవ్వింది. "తేదీలను అది ఉత్త అక్షరాలనుకుంటన్నాది బాబాయ్. ఇవి తేదీలని దానికి సెప్పాలి."

"నువ్వే సెప్పమ్మా, కిటికీ సీటిస్తాను," అన్నాను. కొట్లో పుట్టిన బుద్ధి కదా, ఎండ కొడుతున్న సీటే ఇవ్వజూపాను.

ఆమె ఎండలోకి జరిగి ఒక్క లైను రాసింది. రంపం పళ్లు పోయి, గీత అలలా పరుచుకుంది.

"ఏటిది బాబాయ్, ఏటా వేసంగిలో ఇంత ఎత్తు?"

"అప్పుడు సేపలవేట నిషేధం గదా. అందరూ ఒడ్డున కూకుని వలలు బాగుసేసుకుంటారు, దారం మా కొట్లోనే కొంటారు."

"అయితే సముద్రం నిద్దరోతే మీ కొట్టు మేలుకుంటాదన్నమాట," అని ఆవులించి కళ్లు మూసుకుంది.

విజయనగరంలో తెర మీది ఆ ఎత్తును వేలితో తడిమి చూశాక అన్న అద్దె మాట ఎత్తలేదు. ఇప్పుడు ఇసుక మీద వలలు పరుచుకునే రోజుల్లో మా కొట్టు తెరిచే ఉంటోంది. నేను పేరైనా అడగని ఆ అమ్మాయి మాత్రం ఎక్కడో బస్సులో ఇంకా నిద్రపోతున్నట్టే అనిపిస్తుంది.