నొప్పి ముక్క

ఏవరిల్ నాన్‌కివెల్‌కి డెబ్బై ఆరేళ్ళు. ఆ వయసులో మనుషుల ధ్యాస మోకాళ్ళ మీద, మందుబిళ్ళల మీద ఉంటుంది. ఏవరిల్ ధ్యాసంతా పక్కవాళ్ళ సంగతుల మీద. ఎదురొచ్చిన మనిషి చేతిలో మూతికట్టిన సంచీ కనిపిస్తే చాలు, అందులో ఏముందో తెలిసేదాకా ఆవిడకి కాలూ చెయ్యీ ఆడదు. దక్షిణ ఆస్ట్రేలియాలోని మా మూంటాలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. కొందరు నవ్వుతూ చెబుతారు, కొందరు పళ్ళు నూరుతూ.

పూర్తిగా ఆవిడ తప్పని కూడా అనలేం. పదిహేడో ఏట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరింది. పదమూడేళ్ళపాటు ఊరి మాటలన్నీ ఆవిడ చేతుల మీదుగానే ఇటు నుంచి అటు వెళ్ళాయి. లైను కలిపాక వినకూడదన్నది రూలు. "చెవులకేమన్నా తలుపులుంటాయా వేసుకోవడానికి?" అనేది ఏవరిల్. ఆటోమేటిక్ ఫోన్లొచ్చి ఉద్యోగం పోయింది గానీ అలవాటు పోలేదు. ఆవిడ బేకరీలో అడుగుపెడితే అక్కడి మాటలు ఠక్కున ఆగిపోయేవి. "ఎక్స్ఛేంజి వచ్చింది, లైన్లు కట్ చెయ్యండి" అని ఎవరో ఒకరు గొణిగేవారు. ఆవిడ విననట్టే మాంసం కూరిన పేస్టీ ఒకటి కొనుక్కుని ఇంటికి పోయి ఒక్కతే తినేది. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఉన్న స్నేహితురాలల్లా బడిలో పక్కన కూర్చున్న డల్సీ ట్రెంబత్ ఒక్కతే. డల్సీది కత్తిలాంటి నోరు, అందుకని ఆవిడ పక్కన కూడా వేరే ఎవరూ మిగల్లేదు.

ఇక బొమ్మ ముక్కల సంగతి. వాళ్ళ చిన్నప్పుడు ఆడపిల్లలందరికీ అదే పిచ్చి. పెద్దవాళ్ళు ఆడి పారేసిన పేకలోంచి ఒక్కో ముక్క అడుక్కునేవారు. ముందువైపు ఆటీనా, ఇస్పేటా ఎవరికీ పట్టదు, వెనకవైపు బొమ్మే కావాలి. గుర్రాలు, ఓడలు, గొడుగేసుకున్న దొరసానులు. బడిలో మిరియాల చెట్టు కింద కూర్చుని నీదిది, నాదిది అని మార్చుకునేవారు. బేరం కుదిరాక ఇద్దరూ ఏదైనా నల్లటి వస్తువుని ముట్టుకోవాలి, బూటైనా సరే, పలకైనా సరే. నల్లది ముట్టాక వెనక్కి లేదు. ఏడ్చినా లేదు, అమ్మని తీసుకొచ్చినా లేదు.

ఏవరిల్‌కి తొమ్మిదేళ్ళప్పుడు, ఊరు వదిలి వెళ్ళిపోతున్న కోరలీ అనే పిల్ల ఆఖరిరోజున ఒక ముక్క మార్చుకుంది. ఏవరిల్ తన రెండు గుర్రాలూ ఇచ్చి అది తీసుకుంది. బొమ్మలో ఓ చిన్నపిల్ల ఆకుపచ్చ తలుపు సందులోంచి లోపలికి తొంగి చూస్తుంటుంది. నల్లది ముట్టడం అయ్యాక కోరలీ అంది:

"దీనికి జంట ఉందే. మా అత్త కూతురి దగ్గర చూశాను. తలుపుకి అవతల ఏముందో అందులో ఉంటుంది. చెప్పనా?"

అంతలో బెల్లు కొట్టారు. కోరలీ పరుగెత్తింది. మర్నాడు రైలెక్కింది. అరవై ఏడేళ్ళయింది.

ఆ పిల్ల ఏం చూస్తోంది? ఏవరిల్ బతుకంతా ఈ ప్రశ్న మీదే నడిచిందంటే అతిశయోక్తి కాదు. ఒక్కోసారి లోపల పెళ్ళి జరుగుతోందనుకునేది, ఒక్కోసారి దొంగలు మూట విప్పుతున్నారనుకునేది. మనవరాలి వరసయ్యే పిల్ల ఒకతి ఫోన్‌లో వెతికిపెడతానంది. వద్దంది ఏవరిల్. ఆ ముక్కని బిస్కెట్ డబ్బాలో, సొరుగు అడుగున దాచింది. డల్సీకి కూడా చూపించలేదు. చూపిస్తే అడుగుతారు, అడిగితే ఇవ్వాల్సొస్తుంది. ప్రాణం పోయినా ఇవ్వదు.

ఊరి ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఏడాదికోసారి బొమ్మ ముక్కల మార్పిడి సంత పెట్టాలన్న ఆలోచన ఏవరిల్‌దే. బయటికి చెప్పిన కారణం పాత సరదా అని. అసలు కారణం మీకు తెలిసిందేగా. మొదటి రెండేళ్ళూ అది సంతలా లేదు, సంతాపసభలా ఉంది. వచ్చిందే పదకొండు మంది. ఒక్కొక్కరూ తమ దగ్గర మూడేసి, నాలుగేసి ఉన్న పనికిమాలిన ముక్కలు పట్టుకొచ్చి, ఎదుటివాళ్ళ మంచి ముక్కల మీద కన్నేసేవారు. ఎదుటివాళ్ళూ పట్టుకొచ్చింది చెత్తే. సాయంత్రానికి ఎవరి చెత్త వాళ్ళు పట్టుకుని ఇంటికి పోయేవారు.

"అందరూ పట్టుకుపోదామనే వచ్చారు. ఇచ్చిపోదామని ఒక్క మొహమైనా వచ్చిందా?" అంది డల్సీ, కప్పులు కడుగుతూ.

ఆ మాట పట్టుకుని ఏవరిల్ ఏడాదంతా ఆలోచించింది. మూడో ఏడు గుమ్మం దగ్గర కాగితం అతికించింది. ఎన్ని ముక్కలైనా తెచ్చుకోండి, కానీ ఒక్కటి మాత్రం ఇవ్వాలంటే నొప్పి పుట్టేది తేవాలి. ఆ నొప్పి ముక్కని బొమ్మ కనపడకుండా బల్లమీద బోర్లించాలి. మధ్యాహ్నం ఒక్కొక్కరే లేచి బొమ్మ ఎలా ఉంటుందో నోటితో చెప్పాలి, చూపించకూడదు. ఒక్క సంగతి మాత్రం చెప్పకుండా దాచుకోవాలి. కావలసినవాళ్ళు తమ నొప్పి ముక్క ఇచ్చే దాన్ని తీసుకోవాలి. బేరం కుదిరితే ఇద్దరూ హాల్లో ఉన్న పాత పియానో దగ్గరికి వెళ్ళి చెరో నల్ల మెట్టు నొక్కాలి. ఆ మోత విన్నాక వెనక్కి లేదు.

బొమ్మని చూడకుండా చెవులతో వినడమనేది ఎక్స్ఛేంజి మనిషికి తప్ప ఇంకొకరికి తట్టదు. పనిచేసింది. మంచి ముక్కలు బల్లల మీదకి వచ్చాయి. ముక్కతోపాటు అది ఎవరిచ్చారో, ఎందుకు దాచుకున్నారో కథలు కూడా వచ్చాయి. ఇచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ, తీసుకున్నవాళ్ళు గంతులేస్తూ, ఇద్దరూ మళ్ళీ ఏడాదికి తయారు. ఇప్పుడు ఎనభై మందికి తక్కువ రావడంలేదు, కుర్చీలు చర్చినుంచి తెప్పిస్తున్నారు.

మరి రూలు పెట్టిన మనిషి ఏం తెచ్చేదయ్యా అంటే, కూకబర్రా పిట్ట బొమ్మ. పద్నాలుగేళ్ళుగా అదే పిట్ట. "మా అమ్మ చేతి ముక్క, ఇవ్వాలంటే గుండె కోసినట్టుంటుంది" అని ముక్కు చీదేది. ఆ పిట్ట ప్రతివాళ్ళ దగ్గరా ఉంది కాబట్టి ఎవరూ అడగరని ఆవిడకి తెలుసు. పైగా ఇంట్లో అలాంటివి ఇంకో రెండున్నాయి.

ఈ ఏడు మే నెల సంతకి తనుండ అనే ఊరి నుంచి ఇల్మా లీబెల్ట్ అనే కొత్త మనిషి వచ్చింది. అరవై దాటిన, పొడుగాటి మనిషి. రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చానంది. ఏవరిల్ ఆవిడ పక్కన చేరి సంచీలో ఏముంది, కారు ఎవరిది, మీ ఆయనేం చేస్తారు అని వరసపెట్టి అడిగింది. ఇల్మా అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. ఒక్క ముక్క మాత్రం బల్లమీద ఇస్పేటు జాకీ పైకి కనపడేలా బోర్లించి, దానిమీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం ఆవిడ వంతు వచ్చింది. లేచి గొంతు సవరించుకుంది.

"ఒక వంటిల్లండీ. కిటికీలో ఎర్రపూల కుండీ. ఒక తల్లి బల్ల దగ్గర నిలబడి వెనక్కి తిరిగి, ఆకుపచ్చ తలుపు వైపు చూస్తూ నవ్వుతోంది. ఆ తలుపు ఓరగా తీసుంది. సందులో నాలుగు చిన్న వేళ్ళు. అవి ఎవరివో బొమ్మలో లేదు. బల్లమీద ఏముందో మాత్రం చెప్పను, అది నా రహస్యం."

ఏవరిల్ టీ కప్పు కింద పెట్టేసింది. 

"ఆ వేళ్ళు ఎవరివో తెలుసుకోవాలని తొమ్మిదేళ్ళుగా సంతలన్నీ తిరుగుతున్నాను. మా అమ్మ పోతూ పోతూ ఇచ్చిన ముక్క ఇది. దీని జంట ఎవరి దగ్గరైనా ఉందాండీ?"

హాలంతా చూపులు కలుపుకుంది. ఉందన్నవాళ్ళు లేరు. ఏవరిల్ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, తన కూకబర్రా వైపు చూస్తూ నిలబడింది. ఇల్మా మొహం చిన్నబోయింది. మెల్లగా కూర్చుని ముక్కని మళ్ళీ చేత్తో కప్పుకుంది.

టీ వేళకి ఏవరిల్ ఇక ఉండబట్టలేక ఆవిడ దగ్గరికి చేరింది.

"అది నాకిచ్చెయ్యండి. బదులు పది ముక్కలిస్తాను. పదేమిటి, నా ముక్కల పుస్తకం మొత్తం తీసుకోండి."

"పుస్తకం నేనేం చేసుకోనండీ? ఆ వేళ్ళ పిల్ల కోసం అయితే ఇస్తాను. లేదంటే పట్టుకుపోతాను."

"పోనీ బల్లమీద ఏముందో చెప్పండి. చెవిలో చెప్పండి, ఎవరికీ చెప్పను."

ఇల్మా నవ్వింది. "భలేవారే! ఆ రూలు పెట్టింది మీరేనటగా?"

ఏవరిల్ మొహం కందగడ్డయింది. చరచరా తలుపు దగ్గరికి వెళ్ళి కోటు తగిలించుకుంది.

"ఎక్కడికే? పేస్టీలు పంచేది నువ్వేగా!" అని అరిచింది డల్సీ.

"నువ్వు పంచు!"

ఇల్లు రెండు వీధుల అవతలే. బిస్కెట్ డబ్బా తీసి, ఆ పిల్లని చేతిలోకి తీసుకుని మంచం మీద కూర్చుంది. ఇస్తే ఇది పోతుంది. అరవై ఏడేళ్ళు తోడున్న మనిషి పోయినట్టే. ఇవ్వకపోతే ఆ కారు సాయంత్రానికి తనుండ వెళ్ళిపోతుంది, తలుపు ఇక ఎప్పటికీ తెరుచుకోదు. కోరలీ పరుగెత్తినప్పుడు వెనకాలే పరుగెత్తి అడగనందుకు తనని తాను ఎన్నిసార్లు తిట్టుకుందో. మళ్ళీ అదే బెల్లు కొడుతున్నట్టుంది. ఏవరిల్ ఏడ్చింది, ముక్కు తుడుచుకుంది, లేచింది.

హాల్లోకి వచ్చి ఎవరినీ చూడకుండా పియానో పక్కన నిలబడింది.

"ఒక సంగతి చెప్పాలి. ఆ కూకబర్రా నా నొప్పి ముక్క కాదు. ఇంట్లో ఇంకో రెండున్నాయి. పద్నాలుగేళ్ళుగా మీ అందరి చెవుల్లో పువ్వులు పెట్టాను."

డల్సీ పేస్టీల పళ్ళెం ఠపీమని బల్లమీద పెట్టింది.

"ఓసి నీ దుంప తెగ! నా పడవ బొమ్మ మొదటి ఏడాదే పోగొట్టుకుని నెల్లాళ్ళు తిండి మానేశానే! నీకేమో పిట్టలు మూడా?"

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు హాలంతా పాకింది. ఏవరిల్ మాత్రం నవ్వలేదు.

"నా అసలు ముక్క ఇదీ. ఒక చిన్నపిల్ల. నీలం గౌను, రెండు జడలు. ఆకుపచ్చ తలుపు సందులో నాలుగు వేళ్ళు పెట్టి లోపలికి తొంగి చూస్తోంది. రెండో చేతిలో ఏముందో చెప్పను."

ఇల్మా కుర్చీ వెనక్కి పడిపోయేంత జోరుగా లేచింది.

"మరి నేనడిగినప్పుడు మాట్లాడలేదేమండీ!"

"భయం వేసిందమ్మా. ఇస్తే పోతుందని."

"సొరుగులో దాచుకుని కూర్చున్నావు, ఆవిడేమో ఊళ్ళన్నీ తిరుగుతోంది. ఇది మొదటి ఏడాదే బల్లమీద పెట్టి ఉంటే ఆవిడకి తొమ్మిదేళ్ళ పెట్రోలు మిగిలేది కదే పిచ్చిమొహమా!" అంది డల్సీ.

రెండూ ఒకళ్ళ దగ్గరే ఉంచుకోవచ్చుగా అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇల్మా తల అడ్డంగా ఊపింది.

"నా వంటిల్లు నాకు కంఠతా వచ్చండీ. కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. నాకు ఆ పిల్ల కావాలి."

"నాకు ఈ పిల్ల అంతే," అంది ఏవరిల్. "నాకు ఆ గది కావాలి."

ముక్కలు చేతులు మారాయి, బోర్లించే. ఇద్దరూ పియానో మీద చెరో నల్ల మెట్టు నొక్కారు. పాత పియానో, శ్రుతి ఎప్పుడో తప్పింది. ఆ రెండు మోతలూ అస్సలు కలవలేదు, కానీ ఎనభై మందీ విన్నారు.

ముందు ఇల్మా తిప్పింది. ఒక్క క్షణం చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది.

"బూట్లు! చప్పుడవుతుందని బూట్లు విప్పి చేత్తో పట్టుకుంది భడవా!"

ఏవరిల్ తిప్పలేదు. తిప్పితే ఇక ఆలోచించుకోవడానికి ఏమీ మిగలదని అప్పుడు తట్టింది. పెళ్ళి, దొంగలు, అరవై ఏడేళ్ళుగా కట్టుకున్న కథలన్నీ ఇప్పుడు పోతాయి. డల్సీ మోచేత్తో పొడిచింది. తిప్పింది.

వంటిల్లు. ఎర్రపూలు. తలుపు వైపు చూసి నవ్వుతున్న తల్లి. బల్లమీద రెండు కప్పులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండింట్లోంచీ ఆవిరి లేస్తోంది. చిన్న కప్పు ముందు ఒక చిన్న కుర్చీ, తలుపు వైపుకి లాగి, ఎవరో వచ్చి కూర్చోవడానికి సిద్ధంగా ఉంది.

ఏవరిల్ ఆ చిన్న కుర్చీ మీద వేలు పెట్టింది.

"దొంగచాటుగా చూస్తోందనుకున్నానే, డల్సీ. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను. దాని కోసం కుర్చీ వేసి పెట్టారే," అంది.

ఏవరిల్ మొదటి ఏడాదినుంచీ సంతలో బల్లల మధ్య తిరుగుతూ, అడుగుతూ, వడ్డిస్తూనే ఉంది. ఆవిడ కోసమని ఒక కుర్చీ ఎవరూ వేసినట్టు లేదు, డల్సీతో సహా. డల్సీ పక్క బల్ల దగ్గరున్న కుర్చీని కాలితో లాగి, తన కప్పు పక్కన ఇంకో కప్పు పెట్టి టీ పోసింది.

"ఇక చాల్లే తిరిగింది. కూర్చో, చల్లారిపోతోంది," అంది.

ఏవరిల్ కూర్చుంది.