చేతిలో నీళ్ల గ్లాసు

సిరిసిల్లలో డిగ్రీ విద్యార్థులకు స్టాటిస్టిక్స్ చెప్తాను. నిరుడు ఎండాకాలం వాళ్లతో బోయినపల్లి దగ్గరి ఓ ఊళ్లో ఇంటింటి సర్వే చేయించాను. సాయంత్రం ఊరివాళ్ల ముందు చార్టు పెట్టి, "ఇక్కడ ఎవరికీ నీళ్ల ఇబ్బంది లేదు" అని గర్వంగా చదివాను. ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. ఒక ముసలవ్వ మెల్లగా అంది: "ఎండల అచ్చిన్రని మీ పిల్లలకు ముందుగాల నీళ్లిచ్చినం. గవి తాగుకుంటనే, నీళ్లకు తిప్పలున్నదా అని అడిగిన్రు. ఉన్నదంటే గ్లాసు కింద పెట్టరా బిడ్డా?"

నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మర్నాడు మా నీళ్లు మేమే సీసాల్లో తీసుకెళ్లి మళ్లీ అడిగాం. చార్టు తలకిందులైంది. అవ్వ మాత్రం నొచ్చుకుంది: "మా ఇంట్ల నీళ్లు ముట్టరా?"

ముందు ఆమె జవాబు రాసుకుని, తర్వాత ఆమె ఇచ్చిన నీళ్లు తాగాం. ఇప్పుడు మా పిల్లలకు చెప్పే మొదటి పాఠం ఆ వరుసే.