మబ్బు పట్టింది మేడమ్!

ఆ రోజుల్లో నాకు రెండు ఆకాశాలుండేవి. జీతమిచ్చేది ఒకటి, అన్నం పెట్టేది ఒకటి. రాష్ట్రం విడిపోయిన కొత్తలో, పక్క రాష్ట్రంలోని ఒక కొండ మీద నక్షత్రాలను చూసే టెలిస్కోపు కేంద్రంలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. టెలిస్కోపు మీదుండే గుండ్రటి డోమ్ తలుపులను సాయంత్రం తెరవడం, గాలిలో తేమ పెరిగితే అద్దం పాడవకుండా మూసేయడం నా పని. మబ్బు లేకపోతే అక్కడ అందరూ 'ఆకాశం బాగుంది' అనేవాళ్లు. మాది తొండూరు దగ్గర వానను నమ్ముకుని బతికే పల్లె. ఆకాశం బాగుందంటే మావాళ్లకు మబ్బు పట్టిందని అర్థం. (మచ్చ లేని నీలాకాశాన్ని వాళ్లు ఏమని తిడతారో ఇక్కడ రాయడం మర్యాద కాదు.) నా నోరు కొండ మీది భాషను తొందరగానే నేర్చుకుంది గానీ, కడుపు మాత్రం నేర్చుకోలేదు.

ఒకరోజు అమ్మ ఫోన్ చేసి "ఆడ ఎట్లుందిరా?" అని అడిగితే, "ఆకాశం శానా బాగుందిమా, ఒక్క మబ్బు తునక గూడా లేదు" అన్నాను హుషారుగా. అమ్మ ఫోన్ పెట్టేసింది. శనక్కాయ చేను కాయ పట్టడానికి నేలలోకి ఊడలు దిగే వేళ వాన లేక వాడిపోతున్న ఇంట్లో ఆ మాట ఎలా వినబడుతుందో నాకు తట్టలేదు. కొడుక్కి కొండగాలి ఏదో సోకిందని తేల్చుకుని అమ్మ మా మేనమామను పంపించింది. ప్రొద్దుటూరులో కొన్న కొత్త పంచె కట్టుకుని, శనక్కాయ ఉండల డబ్బా చంకన పెట్టుకుని మామ బస్సు దిగాడు. నన్ను ఎగాదిగా చూసి, "బాగానే ఉండావు గదరా అల్లుడా! మతి పోయిందనుకున్యామే" అన్నాడు. ఆ గొంతులో కొంచెం నిరాశ కూడా వినిపించింది, ఇంత దూరం ఊరికే వచ్చినందుకేమో.

ఆ రోజే తెనాలి వైపునుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. ఏడాదంతా కాచుకుంటే ఆమెకు ఇచ్చింది మూడు రాత్రులు. ఆమె చూడాల్సిన నక్షత్రం ఆ రోజుల్లో తప్పితే మళ్లీ వచ్చే ఏడే, అప్పటిదాకా ఆమె చదువు ఆగిపోయినట్టే. పొద్దు గూకుతుండగా నేను డోమ్ తెరవబోతుంటే దక్షిణం నుంచి చల్లగాలి కొట్టింది. తలెత్తి చూస్తే నల్లటి మబ్బు! మామా నేనూ ఒకేసారి బయటికి ఉరికాం. నేను రెండు చేతులూ పైకెత్తి, "మబ్బు పట్టింది మేడమ్! శానా దట్టంగా పట్టింది!" అని కేకేశాను. పెళ్లికి పిలుస్తున్నట్టే ఉంది నా గొంతు. ఆమె గుమ్మంలో నిలబడి నా పళ్లన్నీ చూసింది. "మీకంత సంతోషంగా ఉందాండీ?" అంది మెల్లగా. భూమి చీలితే బాగుండుననిపించింది.

మామ అడ్డం వచ్చి శనక్కాయ కష్టమంతా చెప్పాడు. ఆమె తన నక్షత్రం కష్టం చెప్పింది. (కాలవ నీళ్లు పారే తెనాలి వైపువాళ్లకు కూడా ఆకాశంతో తగువు ఉంటుందని మామకు అప్పుడే తెలిసింది.) కాసేపు ఆలోచించి, "ఈ మబ్బులు యా దిక్కుకు పోతాండాయి?" అని అడిగాడు. ఉత్తరానికన్నాను. మామ ముఖం వెలిగిపోయింది. "అంటే మనూరికే గదరా! ఇంగేం తల్లీ, మీరు ఈడ్నించి పొమ్మనండి, మేం ఆడికి రమ్మంటాం. ఇద్దరి మొక్కూ ఒకటే!" ఆమె అప్పుడు నవ్వింది. ఆ రాత్రీ, మర్నాడూ ముగ్గురం ఉండలు తింటూ మబ్బులను తొండూరికి సాగనంపుతూ కూర్చున్నాం. అవి మాత్రం కొండను వదల్లేదు.

మూడో రోజు సాయంత్రం గాలి లేచి మబ్బులన్నీ ఉత్తరానికి కొట్టుకుపోయాయి. చుక్కలు బయటపడ్డాయి. డోమ్ తెరిచాను, ఆమె పనిలో పడింది. చాలాసేపటికి అమ్మ ఫోన్ చేసింది. మామే తీసుకున్నాడు. "మన నెత్తిమీద్నే పోయినాయిరా," అంటోంది అమ్మ నాకూ వినబడేంత గట్టిగా, "ఈడ చినుకు పడల్యా. జమ్మలమడుగు కాడ కుమ్మరిచ్చిందంట." మామ ఫోన్ జేబులో వేసుకున్నాడు. ఆమె లోపలినుంచి వచ్చి, "మీ ఊళ్లో పడిందా అండీ?" అని ఆత్రంగా అడిగింది. మామ తల వెనక్కి వాల్చి, ఒక్క మబ్బు లేని ఆ ఆకాశాన్ని ఈ కొసనుంచి ఆ కొసకు చూశాడు.

"ఆకాశం శానా బాగుంది తల్లీ," అన్నాడు. "పో, పని జేసుకో."

చేను ఎండుతుండగా, మబ్బు లేని ఆకాశాన్ని చూసి మావాళ్లలో ఒకరి నోట ఆ మాట వినడం అదే మొదలు. నేను డోమ్ వెనక్కి పోయి ఏడ్చాను. ఆ ఏడు పంట సగానికి సగం పోయింది. ఆమె చదువు పూర్తయింది.

ఇప్పుడు అదే డోమ్ దగ్గర కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పుతున్నాను. మబ్బు కనబడితే ముందు నవ్వొస్తుంది, వెంటనే అటు తిరిగి ముఖం సర్దుకుని 'ఛ' అంటాను. ఇన్నేళ్ల అనుభవంతో నేను సాధించిన విద్య అదొక్కటే. ఇంటికి ఫోన్ చేసినప్పుడు, "మబ్బేమన్నా పట్టిందా మామా?" అని నేను నోరు తెరిచేలోగానే మామ అడుగుతాడు: "ఆకాశం బాగుందా అల్లుడా? ఆడ ఎవురికీ ఇబ్బంది ల్యాదు గదా?"