దుప్పటికి రెండో కొస

ఆ హోటలు లాండ్రీలో అందరూ ఆమెను గంజక్క అంటారు. ఆమె గంజి పెట్టిందంటే దుప్పటి అట్టలా నిలబడుతుందని ఆ పేరు. ఇరవై రెండేళ్లు వేణ్ణీళ్లలో, సోడాలో నానిన ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. హాజరు వేసే వేలిముద్ర మిషను ఆమెను గుర్తుపట్టదు. వచ్చిన రోజు కూడా రానట్టే రాసుకుంటుంది.

గంజక్కకి వయొలిన్ అంటే పిచ్చి. అందులోనూ ఒక పెద్ద విద్వాంసుడి వయొలిన్ అంటే మరీను. పేపర్లో పడ్డ ఆయన ఫొటో కత్తిరించి కుళాయి పైన గోడకి అంటించుకుంది. పదేళ్ల కిందట ఆయన ఆ హోటల్లో దిగి, లాండ్రీ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు ఆమెకి కాళ్లు నేల మీద ఆనలేదు. ఖరీదైన అల్లిక దుప్పట్లు మిషన్లో వెయ్యరు, చేత్తోనే పిండాలి. గంజక్కా, అక్కడే పనిచేసే ఆమె చెల్లెలూ చెరో కొస పట్టుకుని, అమ్మ నేర్పిన పాట పాడుతూ మెలితిప్పుతున్నారు. ఈ కొస నుంచి అక్క ఒక మాట అంటుంది, ఆ కొస నుంచి చెల్లెలు జవాబు చెబుతుంది. "ఇంకోసారి పాడండమ్మా" అంటూ ఆయన ఫోను అక్క నోటి దగ్గర పెట్టాడు. బాయిలరు పక్కనున్న చెల్లెలి గొంతు ఆ రొదలో పడనే లేదు.

ఆర్నెల్లకి ఆ వరస ఊరూవాడా మోగింది. ఎక్కడిదండీ అని టీవీలో అడిగితే, "వాన చూస్తుంటే తట్టింది" అన్నాడు. లాండ్రీలోంచి సబ్బుబిళ్ల పట్టుకెళ్తే ఆ హోటల్లో సంచులు వెతుకుతారు. పాట పట్టుకెళ్తే లోకం చప్పట్లు కొట్టింది.

ఆయన మళ్లీ వచ్చినప్పుడు చెల్లెలు ఎదురెళ్లింది. "అయ్యా, అది మా అమ్మ పాట. ఆ ఒక్క మాట చెప్పండి చాలు."

ఆయన మేనేజరు వైపు తిరిగి, "ఎవరండీ ఈమె?" అన్నాడు. సాయంత్రానికల్లా చెల్లెలి ఉద్యోగం ఊడింది. గంజక్క ఆ రోజే ఫొటో పీకేసింది. గోడ మీద జిగురు మరక మిగిలింది. తొమ్మిదేళ్లు దాన్ని చూస్తూనే పిండింది.

ఇవాళ పొద్దున ఆయన తనంతట తానే మెట్లు దిగి వచ్చాడు. సాయంత్రం ఆరింటికి కచేరీ, టీవీలో నేరుగా వస్తుంది.

"గుర్తుపట్టారామ్మా?"

"మిమ్మల్ని మర్చిపోతానా అయ్యా!" అంది గంజక్క. అందులో అబద్ధం లేదు.

"ఆ పాటకి జవాబు ఉండేది కదా. అది లేక వరస కుంటుతోంది. కాస్త పాడి పెట్టండి."

గంజక్క ఆయన ఎడమ చెయ్యి చూసింది. నాలుగు వేళ్ల చివరా బొత్తాల్లాంటి కాయలు. తీగలు నొక్కీ నొక్కీ కాచినవి. వేడి సోడా నీళ్లు కాయల్ని ఏం చేస్తాయో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

"ఊరికే పాడమంటే రాదయ్యా. అవతల కొస ఎవరైనా పడితేనే నోటికొస్తుంది. పడతారా?"

"గ్లౌజులు లేవా?"

"మాకెప్పుడిచ్చారు గనక!"

ఆయన నవ్వి చొక్కా చేతులు మడిచాడు. సోడా నీళ్లు మొదట మెత్తగానే ఉంటాయి, మంట తర్వాత వస్తుంది. ఐదో దుప్పటికి గంజక్క జవాబులో ఒక ముక్క కూనిరాగం తీసి ఆపేసింది. ఆయన కళ్లు మెరిశాయి. పదో దుప్పటికి ఇంకో ముక్క. "సాయంత్రం వాయించాలమ్మా" అంటూనే తొట్టిలో చెయ్యి పెట్టాడు. ఆశ అలాంటిది.

పదకొండున్నరకి తొట్టి ఖాళీ అయింది. ఆయన వేళ్ల మీద కాయలు తెల్లగా ఉబ్బి, తడిసిన కాగితంలా లేచిపోయాయి.

"ఇక పాడండి."

"ఆ కొస నాది కాదయ్యా. నా నోటికి వచ్చు గానీ, ఇచ్చే హక్కు నాకు లేదు. మా చెల్లెలిది. 'ఎవరండీ ఈమె' అన్నారే, ఆవిడది. బస్టాండు వెనక టైలరు కొట్టు మేడ మీద ఉంటుంది. వెళ్లి అడగండి."

ఆయన మొహం కందిపోయింది. "మేనేజరుతో చెప్తాను!"

"చెప్పండి. ఎందుకు పిండారో కూడా చెప్పాలి మరి."

ఆయన వేళ్లు చూసుకుంటూ మెట్లెక్కాడు.

సాయంత్రం గంజక్క చెల్లెలి గదిలో టీవీ ముందు కూర్చుంది. ఆయన రెండు కీర్తనలు ఎలాగో లాగాడు. మూడోది ఆ వరసే. జనం చప్పట్లు. పై స్థాయికి వెళ్లగానే ఆయన మొహం వంకర తిరిగింది, కమాను ఆగింది. తీగ మీద ఎర్రటి చుక్క కెమెరాకి కూడా కనిపించింది. విద్వాంసులవారికి ఒంట్లో బాగాలేదని ఎవరో వచ్చి చెప్పారు.

"ఏమైందక్కా ఆయనకి?" అంది చెల్లెలు, కుడుతున్న గుడ్డ పక్కన పెట్టి.

గంజక్క అంతా చెప్పింది.

"ఎన్ని పిండాడేంటి?"

"ముప్పై ఒకటి."

"అంతేనా! మనం టీకి లేచేలోపు పిండేవాళ్లం కదా."

"అదీ సరిగ్గా పిండి చచ్చాడా? అన్నీ మళ్లీ పిండుకున్నాను."

"మరి అవతల కొస ఎవరు పట్టారు?"

"కొక్కేనికి కట్టాను. తొమ్మిదేళ్లుగా అంతేగా."

చెల్లెలు టీవీ గొంతు తగ్గించి, తెర మీద ఖాళీగా వెలుగుతున్న వేదికని చూస్తూ, తన కొస అందుకుని పాడడం మొదలుపెట్టింది.