రెండు చెంబుల నీళ్లు

దాహంతో గొంతు ఎండిపోతున్నా, ఎవరింటి ముందో నిలబడి 'వద్దులెండి, ఇప్పుడే తాగి వచ్చాను' అని మీరెప్పుడైనా అబద్ధమాడారా? ఆడే ఉంటారు. ఆ ఇల్లు ఎవరిదో, నీళ్లు ఎందుకు వద్దనుకున్నారో నాకు చెప్పక్కర్లేదు, మీకు తెలిస్తే చాలు. ఆ రోజుల్లో నేనైతే అట్లాంటి అబద్ధం చచ్చినా ఆడనని ఖమ్మం అంతా చాటుకుని తిరిగేవాణ్ణి. చదువు అప్పుడే అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు, మధ్యలో ఉన్న ఖాళీనంతా హేతువాదంతో నింపుకున్నాను. పెళ్లి భోజనాల దగ్గర కూర్చుని ముహూర్తం మీద వాదించేవాణ్ణి (దానివల్ల ముహూర్తాలు ఆగలేదు గాని, నాకు పెళ్లి పిలుపులు ఆగిపోయాయి). మా చర్చా మండలిలో నన్ను 'నిప్పుల తమ్ముడు' అనేవాళ్లు. ఆ పేరు ఎట్లా వచ్చిందో చెప్పడానికే ఈ కథ.

మా మండలికి పెద్ద దిక్కు ఒక రిటైర్డు సైన్సు మాస్టారు. పట్టపగలు కూడా చేతిలో టార్చిలైటు పెట్టుకుని తిరుగుతాడు కాబట్టి ఆయన బ్యాటరీ సారు. ఒకరోజు సారు మండలికి ఒక సంగతి తెచ్చాడు. టేకులపల్లి అవతల, అడవి అంచున ఒక ఊళ్లో (పేరు చెప్పను, ఆ ఊరికి ఇప్పుడు ఆ మచ్చ మోయాల్సిన పని లేదు) వానలు తగ్గాక ఇంటింటా జ్వరాలు వచ్చాయట. ఒంటరిగా బతుకుతున్న ఒక పెద్దావిడ చేతబడి చేసిందని, నిమ్మకాయలు కోసి జాతకాలు చెప్పే ఒకాయన తేల్చాడట. ఆమె నిప్పుల మీద నడవాలి, కాళ్లు కాలితే దోషి, ఊరు విడిచిపోవాలి అని రోజు కూడా పెట్టాడట. సారు ఆ ఊరి పెద్దలతో మాట్లాడి ఒక మాట ఒప్పించాడు: ఆమెకంటే ముందు ఏ దేవుణ్ణీ నమ్మని మనిషి ఒకడు నడుస్తాడు, నిప్పు పాపాత్ముల్నే కాల్చేదైతే మొదట వాణ్ణే కాల్చాలి గదా అని. "ఎవరు నడుస్తరు?" అని సారు అడిగినప్పుడు పక్కవాళ్లు ఆలోచనలో పడ్డారు. నేను ఆలోచనలో పడే రకం కాదు. లేచి నిలబడ్డాను. చప్పట్లు ఆగాక గానీ నేను దేనికి ఒప్పుకున్నానో నాకు అర్థం కాలేదు.

నిప్పుల మీద నడవడంలో మహిమ లేదని నాకు తెలుసు. బూడిద కమ్మిన బొగ్గు మీద చకచకా నడిస్తే వేడి పాదానికి ఎక్కేలోపే అడుగు లేచిపోతుందని సారు బోర్డు మీద గీసి చూపించాడు. బోర్డు మీది పాదానికి నొప్పి ఉండదు. పైగా, సభకు వెళ్లే మనిషి హుందాగా ఉండాలని నేను కొత్త తోలు చెప్పులు కొన్నాను. నిప్పుల మీద చెప్పులు విడిచి నడవాలి గదా, అవి ఎవరు చూస్తారని మా అమ్మ అడిగింది. నేను చెప్పులు ఇంకోసారి తుడిచి పెట్టుకున్నాను.

బస్సు దిగాక ఆటో కొంతదూరమే వచ్చింది. వాగు దగ్గర రోడ్డు తెగిపోయి ఉంది. "నడుద్దాం తమ్మీ, సల్లటి పొద్దు" అంటూ సారు హవాయి చెప్పులతో ముందుకు సాగిపోయాడు. నిజానికి అంత అందమైన రోజు నేను మళ్లీ చూడలేదు. గట్ల మీద గునుగుపూలు, చేలల్లో పగిలిన పత్తి, రంగు మారుతున్న వరి, జల్లెడలా చిల్లులు పడ్డ టేకు ఆకుల్లోంచి దారి మీద రాలే ఎండ. ఇవన్నీ ఇప్పుడు గుర్తుచేసుకుని చెప్తున్నాను, అప్పుడు మాత్రం నా చూపంతా నా పాదాల మీదే ఉంది. మొదటి ఊరు దాటేసరికి చెప్పులు కరవడం మొదలుపెట్టాయి. రెండో ఊరికి మడమల మీద బొబ్బలు లేచాయి. చెప్పులు చేతబట్టుకుని నడిస్తే కంకరరాళ్లు ఆ బొబ్బల్ని చిదిపి, అరికాళ్లలో కూడా తోలు లేపాయి. ఊళ్లన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. మనుషులు పత్తి ఏరడానికి పోయి ఉంటారని బుద్ధికి తెలుసు. కానీ తడికె మూసిన ప్రతి ఇల్లూ నా సంగతి విని తలుపేసుకున్నట్టే తోచింది. ఒక కోడి రోడ్డు మధ్యలో ఆగి నా కాళ్ల వంక చూసింది.

బొబ్బల నొప్పి కాదు నా దిగులు. పచ్చి పుండ్లతో నిప్పుల మీద నడిస్తే కాలక మానదు. కాలకపోయినా, నడిచాక కాళ్లెత్తి చూపిస్తే ఊరికి కనిపించేది ఈ పుండ్లే. ఇవి చెప్పులు కరిచిన గాయాలంటే ఎవరు నమ్ముతారు? నిప్పు అబద్ధమాడదని నిమ్మకాయలాయన అంటాడు, తరవాత వంతు ఆ పెద్దావిడది. నేను కుంటితే ఆమె ఊరు పోతుంది. సారుతో చెప్పాను. సారు టార్చి వేసి మరీ నా అరికాళ్లు చూశాడు (మిట్టమధ్యాహ్నం!). "నేను ముందు పోయి ఏదన్న జేస్త. నువ్వు నిమ్మళంగ రా" అని వెళ్లిపోయాడు. బోర్డు మీద ఏదైనా గీసి చూపించే మనిషి ఏమీ గీయకుండా వెళ్లడం చూసి నాకు ఉన్న ధైర్యం కూడా పోయింది.

ఆ ఊరి మొదట్లో, మిగతా ఇళ్లకు ఎడంగా ఒక చిన్న ఇల్లు. అరుగు మీద ఒక పెద్దమ్మ కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నా గొంతు అట్టకట్టిపోయింది. మంచినీళ్లు అడిగాను. ఆమె చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"నా ఇంట్లనా?" అంది.

"ఇష్టం లేకుంటే పక్కింట్లో అడుగుతా" అన్నాను, కాస్త పొగరుగానే. ఆమె లోపలికి పోయింది. చెంబు తోమిన చప్పుడు చాలాసేపు వినిపించింది. తెచ్చిన నీళ్లు గటగటా తాగి, ఇంకో చెంబు అడిగాను. నేను తాగుతుంటే ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని, ఎప్పుడూ చూడని వింతను చూస్తున్నట్టు నా గొంతునే చూస్తోంది. అడవి అంచున మనుషులు ఇట్లాగే ఉంటారు గాబోలు అనుకున్నాను (ఖమ్మం పోరగాడి విజ్ఞానం). ఆ తర్వాత ఆమె చూపు నా కాళ్ల మీద పడింది. ఇంత నూనెలో పసుపు కలుపుకొచ్చి, వద్దంటున్నా వినకుండా రాసింది.

"గీ కాళ్లేసుకొని ఏడికి బిడ్డా?"

"నిప్పుల మీద నడవడానికి" అన్నాను, ఛాతీ విరిచి.

ఆమె నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వింది. "నేను గూడ ఆడికే. నేను రాకుంటే షురూ గాదట" అంది. వార్డు మెంబరేమో అనుకుని, రండి నా పక్కన నిలబడి చూద్దురుగాని అని పిలిచాను.

మేమిద్దరం ఊరి మధ్యకు చేరేసరికి జనం రెండు పాయలుగా చీలిపోయారు. నాకు దారి ఇస్తున్నారనుకుని తల కాస్త ఎత్తి నడిచాను. బొగ్గుల కుప్ప అవతల సారు ముఖం చూశాక గానీ నా పక్కనున్నది ఎవరో నాకు తట్టలేదు. నిమ్మకాయలాయన నా పసుపు పాదాల వైపు వేలు చూపించాడు. "ఆమె చేతి మందు! వీడు కాలకుంటే గది ఆమె మంత్రమే. కాలితే పాపం." ఎటు తిరిగినా ఆమెకే ఉరి.

పెద్దమ్మే మాట్లాడింది. "మందు ఒక్కటేనా? నీళ్లు గూడ తాగిండు. రెండు చెంబులు."

దగ్గరున్నవాళ్లు గుసగుసలాడారు. ఆ ఊళ్లో జ్వరాలు మొదలైనప్పటి నుంచి ఎవరూ ఆమె ఇంటి నీళ్లు ముట్టలేదని, తాగితే పేగులు మాడి పడిపోతారని నిమ్మకాయలాయన చెప్పాడని నాకు అప్పుడే తెలిసింది. ఇక నిప్పును ఎవరూ చూడలేదు. అందరూ నా కడుపు వంకే చూశారు. నీళ్లంటే నీళ్లే అని నాకు తెలుసు, కానీ అంతమంది మనం పడిపోతామని ఎదురుచూస్తుంటే కడుపు ఊరుకోదు. అది గురగురమంది. ముందు వరసలో వాళ్లు వెనక్కి జరిగారు. నేను చెమట తుడుచుకుంటూ నిలబడ్డాను. నిమ్మకాయలాయన ఇంకాసేపు ఆగమన్నాడు, ఆగారు. ఇంకాసేపు అన్నాడు, ఆగారు. పొద్దు వాలింది. బొగ్గుల మీద బూడిద మందమైంది. చివరికి చంకలో బిడ్డతో ఒకామె దగ్గరికొచ్చింది. జ్వరం ముందు తగిలింది ఆ బిడ్డకేనని తర్వాత తెలిసింది.

"అన్నా, కడుపుల ఏమన్న అయితుందా?"

"అవ్" అన్నాను నిజాయితీగా. "ఆకలైతుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. సారు టార్చి చంకలో పెట్టుకుని, పెద్దమ్మ ముందుకొచ్చి, అందరికీ వినబడేట్టు, "అక్కా, నాక్కూడ ఇన్ని నీళ్లియ్యి, ఎండన పడి నడిచొచ్చిన" అన్నాడు. ఆమె వెనకాలే ఆ ఎడంగా ఉన్న ఇంటికి నడిచాడు. చూద్దామని జనం కదిలారు. సారు తాగాక, చంకలో బిడ్డ ఉన్నామె చెయ్యి చాపింది. పెద్దమ్మ హడావుడిగా చెంబు ఇస్తుంటే సగం నీళ్లు ఒలికిపోయాయి. మిగిలిన సగం ఆ బిడ్డతల్లి తాగింది. అక్కడ నిప్పుల దగ్గర నిమ్మకాయలాయన ఒక్కడే మిగిలాడు. మళ్లీ బొగ్గులు రాజేయమంటే, తెల్లారి పత్తి ఏరాలె, తీరిక లేదు అన్నారట.

ఒక్క సాయంత్రంతో ఊరు మారిపోయిందని అబద్ధం చెప్పను. ఆ తర్వాత కూడా కొందరు ఆ ఇంటి ముందు తల తిప్పుకుని పోయారు. కానీ పెద్దమ్మ ఊరు విడవలేదు. ఇప్పటికీ మండలిలో నేను నిప్పుల తమ్ముణ్ణే. నిప్పుల మీద ఒక్క అడుగు కూడా వెయ్యలేదని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు, కథ అట్లాగే బాగుందట. మూఢనమ్మకం మా దగ్గర కూడా ఉందని ఒప్పుకుంటున్నాను. మడమల మీది మచ్చలు చూసినప్పుడల్లా, అంత తర్కం చదువుకున్న ఆ కుర్రాడు చేసిన ఒకే ఒక్క పనికొచ్చే పని తెలియక, దాహమై చేశాడు గదా అని నవ్వొస్తుంది. తెలిసి ఉంటే ఆ నీళ్లు అడిగేవాడేనా? ఏమో, ఆ కుర్రాడి తరఫున ప్రమాణం చెయ్యలేను.

మీకు మాత్రం ఇప్పుడు తెలుసు. నిప్పుల మీద నడవద్దు, చర్చలు పెట్టొద్దు, నాకు చప్పట్లు కొట్టొద్దు. మీ వాడలో అందరూ ఎడంగా పెట్టిన ఆ ఇల్లు ఏదో మీకు తెలుసు. రేపు పట్టపగలు, నలుగురూ చూస్తుండగా వెళ్లి ఆ గడప ముందు నిలబడండి. మంచినీళ్లు అడగండి. చెంబు ఖాళీ అయ్యేదాకా తాగండి.